ఎవరి సంగతులు ఎవరి సొమ్ము?

(పట్టణ గ్రంథాలయ వార్షికోత్సవమున మేము చేసిన యుపన్యాసమును సభ్యుల కోరికపై నిచ్చట ప్రకటించుచున్నాము.)



ఈ పఠనమందిరమున బల్లలపై పత్రికలు పరచియున్నవి. వచ్చినవారు తమకు నచ్చిన పత్రికను తీసికొని చదువుదురు. చదివి మడిచి యచ్చటనే యుంచి పోవుదురు. ఎవరు ఏ వార్తకడ నిలిచిరి, ఏ ప్రకటనను రెండుమారులు చూచిరి, ఏ సంపాదకీయమును సగము చదివి విడిచిరి - ఇట్టి వివరములను గ్రంథపాలకుడెన్నడును వ్రాసికొనలేదు. వ్రాసికొనవలెనని యాయనకు తోచనే లేదు. 1914లో బెజవాడయందు గ్రంథాలయాభిమానులు సభ చేసి సంఘము స్థాపించిన నాటినుండి నేటివరకు మన గ్రంథాలయములు జనులకిచ్చిన స్వాతంత్ర్యములలో నిది యొకటి. అడుగకయే వచ్చినది గనుక దానికి పేరుకూడ పెట్టుకొనలేదు.

ఆ చదువరియే యింటికి పోయి ఫోను తెరచును. ఇప్పుడు చేతిలోని పత్రిక తన్ను చదువువానిని తాను చదువనారంభించును. వ్రేలు ఎచ్చట నాగినది, ఏ బొమ్మను ఎంతసేపు చూచినది, ఏ వేళ నిదురలేచి ఫోను తీసినది, ఏ యూరినుండి చూచుచున్నది - ఇవి యన్నియు ఎచ్చటనో లెక్కలకెక్కును. ప్రొద్దున మోకాలినొప్పి తైలమును గూర్చి వెదకిన వృద్ధునకు సాయంకాలమునకు పది తైలముల ప్రకటనలు ఎదురగును. కొందరు దీనిని మాయ యందురు. మాకిందు మాయ కనబడలేదు, వ్యాపారము కనబడినది. ఉచితముగ నిచ్చినట్లు తోచు సేవకు మూల్యము ప్రకటనదారు చెల్లించుచున్నాడు. అతడు కొనునది మన చూపు. సొమ్మొకరిది, సోకొకరిది!

ఈ మాట యనగానే పెద్దలొకరు, "మేము దొంగలమా? మాకు దాచుకొనవలసినదేమున్నది?" అని యడుగుదురు. మొన్న మమ్ములనొక స్నేహితుడట్లే యడిగెను. ఆయన స్నానము చేయునప్పుడు తలుపు వేసికొనునా లేదా యని తిరిగి యడిగితిమి. నవ్వి యూరకుండెను. తలుపు వేసికొనువాడు దొంగ కాడు, ఇల్లు గలవాడు.

ఈ తలుపు మనకు తేరగా రాలేదు. పరప్రభుత్వము 1885లో తంతిశాసనమును, 1898లో తపాలాశాసనమును చేసి, ప్రజాక్షేమము పేరిట జాబులను, తంతివార్తలను మధ్యమున పట్టి చూచు నధికారమును తనకు తానిచ్చుకొన్నది. స్వరాజ్యము వచ్చిన పిమ్మటనైన నీ సందేహము తీరవలసినది. తీరలేదు. 1954లో ఎనమండ్రు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యతాహక్కును మన రాజ్యాంగములోనికి తెచ్చిపెట్టుటకు కారణము లేదన్నది. 1962లో ఖడక్ సింగు వ్యాజ్యమున, అర్ధరాత్రివేళ పోలీసులు పౌరుని గడప తట్టుట చెల్లదని చెప్పిన సుప్రీముకోర్టే, గోప్యత మాత్రము రాజ్యాంగము హామీయిచ్చిన హక్కు కాదని చెప్పినది. తలుపు తట్టరాదు గాని తలుపు మాత్రము నీది కాదన్నట్లు!

2012లో కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ పుట్టస్వామిగారు, తమ యెనుబదియారవ యేట, ఆధార్ పథకముపై సుప్రీముకోర్టునకెక్కిరి. 2015లో స్వతంత్రభారత ప్రభుత్వపు న్యాయవాదియే నిలిచి, గోప్యత ప్రాథమికహక్కు కాదని వాదించెను. పరులు వాదించినచో మనకు కోపము వచ్చెడిది. మనవారే వాదించిరి గనుక సిగ్గు వచ్చినది. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ తీర్పు చెప్పి, గోప్యత జీవితస్వాతంత్ర్యములతో పుట్టిన హక్కేయని తేల్చిరి. వృద్ధుడైన యొక్క పౌరుడు తెచ్చిన వ్యాజ్యమున నూటనలుబది కోట్ల జనులకు దాపు గల్గినది. ఆయన 2024లో దివంగతులైరి. ఆనాడు మన పట్టణములో ఒక్క సంతాపసభయైన జరిగినట్లు మేమెరుగము.

తీర్పు వెనుక శాసనము వచ్చినది. 2023 ఆగస్టులో పార్లమెంటు వ్యక్తిగత వివరముల రక్షణకు చట్టము చేసినది. 2025 నవంబరులో దాని నియమములు వెలువడినవి. ముఖ్యభాగములు అటుపిమ్మట పదునెనిమిది నెలలకు గాని యమలునకు రావు. రక్షణలో తప్పిన సంస్థకు రెండువందల యేబది కోట్ల రూపాయలవరకు దండనము కలదు. ఇందొక మంచి మాట యున్నది. మన వివరములు కోరు సంస్థ తానేమి తీసికొనుచున్నదో, ఎందులకో తెలుపునప్పుడు, ఇంగ్లీషునందు గాని రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని యిరువదిరెండు భాషలలో దేనియందు గాని చదువుకొను వీలు కల్పింపవలెను. అనగా తెలుగున అడుగుట మనకిక హక్కు. ఈ సభలో నున్న వారెందరు 'అంగీకరించుచున్నాను' అను మీటకు పైనున్న వ్రాతను చదివి నొక్కిరి? చేతులెత్తవలదు, మేమును ఎత్తజాలము.

చెడు మాటయు నున్నది. దేశభద్రతాది కారణములు చూపి కేంద్రప్రభుత్వము తన సంస్థలలో దేనినైనను ఈ చట్టమునుండి తప్పింపవచ్చును. 1898 నాటి తపాలాశాసనమును తొలగించి అదే 2023లో క్రొత్త శాసనము చేసిరి; జాబులను పట్టి చూచు నధికారము మాత్రము దానిలోనికి భద్రముగ నడచివచ్చినది. దొరలు పోయిరి, తాళపుచెవి మిగిలినది.

అయినను నేడు మేము చెప్పవచ్చిన ముఖ్యవిషయము ప్రభుత్వమును గూర్చి కాదు, కంపెనీలను గూర్చియు కాదు. ఈ చట్టమునకు లోబడని చోటొకటి యున్నది. మనుష్యుడు తన సొంత పనికి, ఇంటిపనికి ఇతరుల వివరములు వాడినచో చట్టము కలుగజేసికొనదు. మన వీథులలోని వాట్సాపు గ్రూపులలో జరుగునది చాలవరకు ఈ లెక్కలోనే పోవును. అచ్చట మనకు మనమే పోలీసులము, మనమే ముద్దాయిలము.

మేము నివసించు వీథివారును ఒక గ్రూపు పెట్టుకొనిరి. కుళాయినీరు ఎప్పుడు వచ్చునది, కరెంటు ఎందుకు పోయినది, ఎవరింట పెండ్లి - అన్నియు దానియందే. ఒకనాటి రాత్రి వీథిలోని గృహస్థునకు రక్తము కావలసివచ్చెను. ఆయన కుమారుడు తండ్రి పేరు, వయస్సు, ఆసుపత్రి, వార్డు, జబ్బు, తన ఫోను నంబరు వ్రాసి, వైద్యుని చీటీని ఫొటో తీసి గ్రూపులో పెట్టెను. రెండు గంటలలో నలుగురు యువకులు ఆసుపత్రికి పరుగెత్తిరి. వారిలో ఇద్దరు ఆ కుటుంబము నెన్నడును చూచినవారు కారు. ఊరంతయు దండోరా వేయించినను పూర్వము ఇట్టి సహాయము ఇంత వేగముగ వచ్చెడిది కాదు. రోగి బ్రతికెను. గ్రూపులను తిట్టువారు ఈ రాత్రిని జ్ఞాపకముంచుకొనవలెను.

కాని చీటీ మా వీథిలో నాగలేదు. మా గ్రూపునుండి కులసంఘపు గ్రూపునకు, అచ్చటినుండి పూర్వవిద్యార్థుల గ్రూపునకు, ఆపైని ఎచ్చటికి పోయినదో దేవునికెరుక. పంపినవారందరును పుణ్యమనియే పంపిరి. ఆరు నెలల పిమ్మటను "రక్తము దొరకినదా?" యని ఫోనులు వచ్చుచునే యుండెను. వానితోపాటు నాటుమందులు అమ్ముదుమనువారు, బీమా చేయింతుమనువారు. తుదకు ఆ యింటి పిల్లకు సంబంధము చూడవచ్చినవారు తమ ఫోనులోని ఆ చీటీని చూపి, "ఈ జబ్బు వంశములో నున్నదా?" యని యడిగిరి. సంబంధము తప్పిపోయినది. ఆ తండ్రి మాతో ఈ సంగతి చెప్పుచు నెవరిని నిందింపలేదు. ఎవరిని నిందించును? ఆయన శరీరములో వారి బిడ్డల రక్తమున్నది.

రక్తపు గ్రూపు, ఆసుపత్రి పేరు, ఒక ఫోను నంబరు - ఈ మూడును చాలియుండెను. చీటీ యక్కరలేదు. పని యైన మరునాడు "కుదిరినది, ఇక పంపవలదు" అని యొక్క మాట వ్రాసియుండవలసినది. ఆ మాట వ్రాయుట మాలో నొక్కనికిని తోచలేదు, మాకును తోచలేదు. పెట్టినవాడు తుడిచివేసినను, ఇతరులు దాచుకొన్న ప్రతులు తుడిచిపోవు.

జిరాక్సు దుకాణముల సంగతి కొంచెము చెప్పి విరమింతుము. మసకగా వచ్చిన ఆధార్ ప్రతిని అచ్చటి బుట్టలో పారవేసి వచ్చువారిని దినదినము చూచుచున్నాము. ఆ కాగితము వెనుక మిరపకాయబజ్జీలు కట్టి యిచ్చినను మనకాశ్చర్యము లేదు. 2022 మేలో బెంగుళూరు ఆధార్ కార్యాలయము, ఎవరికి బడితే వారికి ప్రతులీయవలదని ప్రకటించెను. అపార్థము కలుగునని రెండు దినములకే ఆ ప్రకటనను పైవారు ఉపసంహరించిరి. ఉపసంహరించినను మాటలో తప్పు లేదు. సంఖ్యలో తుది నాలుగంకెలు మాత్రమే కనబడు ఆధార్ ప్రతిని ఎవరైనను ఉచితముగ తీసికొనవచ్చును. దుకాణములో బిల్లు వేయుటకు ఫోను నంబరు చెప్పితీరవలెనని పట్టుపట్టరాదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ వర్తకులకు తెలిపియున్నది. "నంబరు చెప్పను, బిల్లు వేయుము" అని నెమ్మదిగ నన్నచో బిల్లు వచ్చుచున్నది. మేమన్ని చోట్లను పరీక్షించి చూచితిమి. ఒకచోట మాత్రము ఆ కుఱ్ఱవాడు తన నంబరే వేసికొనెను!

మేమిట్లు మాటలాడుచుండగనే, సభకు వచ్చినవారి పేర్లకై యొక కాగితము వరుసలలో తిరుగుచున్నది. ఇప్పుడే మా చేతికి వచ్చినది. పేరు, ఊరు, ఫోను నంబరు అని మూడు గడులు గీసిరి. ముందు వరుసలోని పదునేడుగురు మూడును నింపిరి. కార్యదర్శిగారూ, వార్షికనివేదికకు పేర్లు చాలును గదా? మూడవ గడిని మేము కొట్టివేయుచున్నాము. నింపినవారి నంబరులపై సిరా పూసి, కాగితమును వెనుక వరుసకు పంపుచున్నాము.