షెడ్డు లోపల చూసినవాళ్లు

పట్టాలు అందుకుంటున్న పశువైద్య పట్టభద్రులారా,

మన రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితా 15వ అంశం చూడండి. పశుసంపద రక్షణ, పశువ్యాధుల నివారణతోపాటు మీ చదువూ మీ వృత్తీ అందులోనే ఉన్నాయి. అంటే మీ పనికి హద్దులు గీసేవి చట్టసభలు. అందుకే ఈ పూట మందుల మాట పక్కనపెట్టి చట్టాల గురించి మాట్లాడతాను.

అమెరికాలో చాలా ఫారాల్లో చూడి పందిని రెండడుగుల వెడల్పు బోనులో పెడతారు. లేస్తుంది, పడుకుంటుంది, వెనక్కి మాత్రం తిరగలేదు. 2002లో ఫ్లోరిడా ఓటర్లు ఈ బోనును నిషేధిస్తూ రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించారు. 2018లో కాలిఫోర్నియా ఓటర్లు ఒక్కో తల్లి పందికి 24 చదరపు అడుగులు ఉండాలన్నారు, పంజరపు కోళ్ల గుడ్లు వద్దన్నారు. ఎక్కడ పెంచినా సరే, ఆ కొలతకు తగ్గితే తమ రాష్ట్రంలో అమ్మనివ్వమన్నారు. కాలిఫోర్నియా తినే పంది మాంసం దాదాపు అంతా బయటి నుంచి వచ్చేదే. దాంతో అక్కడ పడ్డ ఓటు అయోవా రాష్ట్రపు పంది రైతు కొట్టం దాకా వెళ్లింది. పెంపకందారుల సంఘం సుప్రీంకోర్టుకెక్కి, 2023 మేలో 5-4 తేడాతో ఓడింది. కొట్టం మళ్లీ కట్టాలంటే రైతు అప్పు చేయాలి, ఆ బాధ నాకు తెలుసు. అయినా ఆ తీర్పు న్యాయమైనదే.

నన్ను కలచివేసేవి వేరే చట్టాలు. అమెరికాలోనే ఐడహో రాష్ట్రంలో ఒక డెయిరీలో ఆవులను కొడుతున్న వీడియో బయటపడింది. 2014లో అక్కడి శాసనసభ అలా రహస్యంగా చిత్రీకరించడాన్నే నేరం చేసింది. తర్వాత కోర్టులు ఆ చట్టంలో చిత్రీకరణను నిషేధించిన భాగాన్ని కొట్టేశాయి.

మీరు దొంగచాటుగా వెళ్లక్కర్లేదు. రైతే తలుపు తీసి లోపలికి రమ్మంటాడు. మన గుడ్ల ఫారంలో వాలుగా బిగించిన తీగల మీద కోడి నిలబడి ఉంటుంది. గుడ్డు దొర్లి ముందుకు పోతుంది, కోడికి రెక్క చాచే చోటుండదు. కోళ్లను ఎలా ఉంచాలో చెబుతూ లా కమిషన్ 2017లో 269వ నివేదిక ఇచ్చింది. చదవండి. రేపు మన దగ్గర ఏదైనా ముసాయిదా వస్తే వ్యాపారులు రాస్తారు, ఉద్యమకారులు రాస్తారు. మీరూ రాయండి: ఒక్కో కోడికి ఎంత చోటుంది, ఎన్నింటి కాళ్లు పుండ్లు పడ్డాయి, పంజరం మార్చడానికి రైతుకు ఎంతవుతుంది, ఆ డబ్బు ఎవరివ్వాలి.