ఆ చేతులు ఎక్కడ నేర్చుకున్నాయి?



జ్వరం వస్తే మనం తొర్రూరులోనో వరంగల్లులోనో ఒక డాక్టరు గారి ముందు కూర్చుని చెయ్యి చాస్తాము. ఆయన నాడి పట్టుకుంటారు. ఆ నాడి పట్టే చెయ్యి ఎవరి దగ్గర, ఎవరి మీద నేర్చుకున్నదో ఎప్పుడైనా ఆలోచించారా?

పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ సంగతి మీకు తెలిసినదే. ఎందరో వైద్యులను ఆశ్రయించింది, ఉన్నదంతా ఖర్చుపెట్టింది, జబ్బు మాత్రం ముదిరింది. అలా వ్రాసినవాడు మార్కు. అదే సంగతి వైద్యుడైన లూకా వ్రాసినప్పుడు వైద్యుల గురించి కొంచెం మెత్తగా చెప్పాడు. సాటి వృత్తివారి మీద అభిమానం కాబోలు!

మన దేశములో పూర్వం శస్త్రవైద్యం ఎలా నేర్పేవారో సుశ్రుత సంహితలో వివరంగా ఉన్నది. శిష్యుడు తిన్నగా మనిషి మీద కత్తి పెట్టకూడదు. కోయడం గుమ్మడికాయ, సొరకాయల మీద నేర్చుకోవాలి. రక్తనాళం కోయడం చచ్చిన పశువు నాళాల మీద, తామర తూడుల మీద. కుట్టడం దళసరి గుడ్డ మీద, మెత్తని తోలు మీద. కట్టు కట్టడం బొమ్మ మీద. శవాన్ని ఏడు రాత్రులు నీటిలో ఉంచి, మెత్తబడిన తరువాత పొర వెంట పొర తీసి శరీరం లోపలి భాగాలను కళ్లారా చూడాలి. గుమ్మడికాయ ఏడవదు గదా! ఎంత దయగల బడి!

కాలక్రమాన ఆ కత్తి చదువు వెనుకబడింది. మన తెలుగు వైద్యులు బసవరాజీయం వంటి గ్రంథాలు వల్లించి, తండ్రి పక్కన కూర్చుని నాడి చూడటం, మందు నూరడం నేర్చుకున్నారు. తండ్రి దాచుకున్నది కొడుక్కు రాదు. కొడుకు లేనివాని విద్య అతనితోనే మట్టిలో కలిసేది.

మరి మంత్రసాని? ఆమెకు గ్రంథమూ లేదు, గుమ్మడికాయా లేదు. అత్త వెనుక దీపం పట్టుకుని నడిచి నేర్చుకునేది. మా నాయనమ్మ కాలములో మా పల్లెలో కాన్పులన్నీ ఆమె చేతుల మీదనే జరిగేవి. బిడ్డ అడ్డం తిరిగితే ఏమి చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను ఆమెను తప్పు పట్టను. బడి తలుపు ఆమెకు ఎవరు తెరిచారు గనుక?

మన ప్రాంతమంతా అప్పుడు నిజాం రాజ్యము. నాలుగవ నిజాం నాసిరుద్దౌలాకు మధుమేహం వచ్చి హకీముల మందులకు లొంగలేదట. మందు ఇవ్వకూడదనే షరతు మీద ఇంగ్లీషు డాక్టరు మెక్లీన్ ఆయనకు పథ్యముతోనే నెమ్మది చేశాడని చెబుతారు. ఆ మెక్లీన్ చేతనే 1846లో హైదరాబాదులో వైద్య పాఠశాల పెట్టించారు. నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి అదే మూలము. పాఠాలు ఉర్దూలో చెప్పేవారు, చదువు ముగించినవారిని హకీములనే పిలిచేవారు. తెలుగు తప్ప మరొకటి రాని మన పల్లె పిల్లవాడికి ఆ గడప ఎంత ఎత్తో ఊహించుకోండి. 1880 దశకములో పాఠాలు ఇంగ్లీషులోకి మారాయి. గడప తగ్గలేదు సరిగదా, ఇంకా పెరిగింది.

అయినా ఆ గడపను 1885లో అయిదుగురు ఆడపిల్లలు దాటారు. వారిలో రూపాబాయి ఫర్దూన్జీ ఒకరు. అప్పటి పెద్ద డాక్టరు ఎడ్వర్డ్ లారీ. ఆపరేషనుకు క్లోరోఫారం ఇచ్చేటప్పుడు నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టి చూడండి అని ఆయన బోధ. దాన్ని రుజువు చేయడానికి నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1888లోను, 1889లోను రెండు కమిషన్లు హైదరాబాదులో వందలాది జంతువుల మీద పరీక్షలు జరిపాయి. ఊపిరి చూడమన్నది మంచి మాటే. గుండెకు భయం లేదన్నది మాత్రం తప్పు. క్లోరోఫారం కొద్దిగా ఇచ్చినా గుండె లయ తప్పి ఆగిపోవచ్చునని 1911లో గుడ్మన్ లెవీ చూపించాడు. గురువు అంత నమ్మకంగా చెప్పినది కూడ పొరపాటు కావచ్చు, శిష్యుడు దాన్నే పట్టుకుని రోగి తలాపున నిలబడతాడు. రూపాబాయి 1889లో చదువు ముగించి హైదరాబాదు ఆసుపత్రులలో ఏండ్ల తరబడి మత్తుమందు ఇచ్చింది. ప్రపంచములో ఆ పనికి పూనుకున్న తొలి స్త్రీలలో ఆమెను లెక్కిస్తారు.

కాని అయిదుగురు ఎన్ని ఇండ్లకు వెళ్లగలరు? వైద్యం నేర్చిన స్త్రీ లేకపోతే ఏమయ్యేదో తెలియాలంటే మన రాజ్యం దాటి మద్రాసు వైపు, తిండివనానికి వెళ్లాలి. 1890 దశకపు తొలి రోజులలో అక్కడ మిషను డాక్టరు స్కడ్డరు గారి కుమార్తె ఐడా వచ్చి ఉన్నది. ఒకే రాత్రి ముగ్గురు మగవారు ఒకరి తరువాత ఒకరు తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముసల్మాను, మరొకరు ఇంకో కులపు హిందువు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమైంది. నాకు వైద్యం రాదు, మా నాన్నగారు వస్తారు అన్నది ఐడా. పరాయి మగవాడు మా ఇంటి ఆడమనిషిని తాకడమా అని ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. తండ్రి చేతికి విద్య ఉన్నది, గదిలోకి వెళ్లే దారి లేదు. కూతురికి దారి ఉన్నది, విద్య లేదు.

ఐడా అమెరికా వెళ్లి 1899లో కార్నెల్‌లో డాక్టరై తిరిగి వచ్చింది. 1918లో వేలూరులో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెడతానంటే, ముగ్గురు దరఖాస్తు పెడితే గొప్పే అన్నారు మద్రాసు వైద్య శాఖ పెద్దలు. 151 దరఖాస్తులు వచ్చాయి. మద్రాసులో పరీక్షకు కూర్చున్న పద్నలుగురూ గట్టెక్కారు. ఆ ఏడు మగపిల్లలలో అయిదుగురికి ఒకరే గెలిచారని చెప్పుకుంటారు. 1942లో అక్కడ ఎం.బి.బి.ఎస్. చదువు మొదలైంది.

1947లో వేలూరు కాలేజీ మగపిల్లలను కూడ చేర్చుకుంది.