మానసిక వార్డులో మా నర్సులు

(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మానసిక వార్డుల్లో పనిచేసే మా నర్సుల కష్టసుఖాలు చెప్పమని సంఘంవారు అడిగారు. జీతాల సంగతి యిక్కడ యెత్తం, అది సర్కారుతో తేల్చుకుంటాం.

మాకు అసలు కొరత మనుషులది. రాత్రిపూట వార్డంతటికీ ఒక్క సిస్టరే వుండే రోజులున్నాయి. ఒకరికి సూది వేస్తుంటే యింకొకరు తలుపు దగ్గర కేకలు పెడతారు. యే గొడవా చేయకుండా ముసుగుతన్ని పడుకున్నవాడు చావాలనే ఆలోచనలో వుండవచ్చు. మా భయమంతా అతని గురించే. పక్కన కూర్చుని పావుగంట మాట్లాడడం కూడా వైద్యమే, దానికే తీరిక దొరకదు.

చేతులు చాలని చోట గొలుసు వస్తుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చిన రోగులను వుంచే ఒక ప్రైవేటు గృహానికి తెల్లవారుజామున నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివుంచిన 28 మంది ప్రాణాలు పోయాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. మంచిదే. గొలుసు తీసిన చోట నిలబడడానికి మనుషులు కావాలి కదా!

దర్గాకు వెళ్ళవద్దని మేము అనము, మేమూ దువా చేసేవాళ్ళమే. వెళ్ళేటప్పుడు మందుల సంచీ కూడా వెంట పెట్టుకోండి.

మందు మొదలుపెట్టాక కొందరికి మెడ ఒక పక్కకు పట్టేస్తుంది. యింటివాళ్ళు హడలిపోయి మందు మానిపిస్తారు. జబ్బు ముదిరాక మళ్ళీ మా దగ్గరికే వస్తారు. మెడ పట్టేస్తే వెంటనే రండి, చాలావరకు ఒక సూదితో సర్దుకుంటుంది. రంజాన్ నెలలో మరీ జాగ్రత్త కావాలి. లిథియం వాడేవారు పగలంతా నీళ్ళు తాగకపోతే రక్తంలో ఆ మందు హెచ్చి ప్రమాదం కావచ్చు. రోగికి రోజా విషయంలో మన దీన్ సడలింపు యిచ్చింది. నెలవంక కనబడకముందే డాక్టరుగారిని అడగండి. సహరీకి యే మాత్ర, ఇఫ్తారుకు యే మాత్ర అన్నది మేము రాసి యిస్తాం.

యింకొక సంగతి చెప్పక తప్పదు. నయమైపోయి గేటు వైపు చూస్తూ కూర్చునేవాళ్ళున్నారు. ఆడవాళ్ళ వార్డులో మరీను. "చెల్లెలి నిఖా అయ్యేదాకా వుంచండమ్మా" అంటారు పుట్టింటివారు. తప్పు అడ్రసు రాయించి పోయినవారూ వున్నారు, మా ఉత్తరం తిరిగి వస్తుంది. ఆ మంచం ఖాళీ కాక కొత్త రోగికి నేలమీద పక్క వేస్తాం.

ఈద్‌కు వార్డుకు షీర్‌ఖుర్మా పంపుతామని సంఘంవారు అన్నారు. చాలా సంతోషం. దానితోపాటు ఆ యింటి మనుషుల్లో ఒకరినైనా వెంటబెట్టుకు రండి.