బలశిక్షకుని వృత్తి

ఆటలో గెలుపు వచ్చిననాడు లోకము మొదట ఆటగాని పేరు తలచును. పిమ్మట జట్టు ప్రధాన శిక్షకుని పేరు తలచును. ఆ ఆటగాని దేహమును ఏడాది పొడుగునా తీర్చిదిద్దిన మనిషిని తలచువారు అరుదు. అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ జట్లలో అట్టి మనిషి ఒకడు ప్రత్యేకముగా ఉండును. అతనిని అక్కడ స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ కోచ్ అందురు. మనము బలశిక్షకుడు అనుకొందము. ఈ వృత్తి ఎట్లు పుట్టి పెరిగినదో, దానిలోని బరువు ఎట్టిదో నేడు ముచ్చటింపదలచితిమి.

ముందుగా ఒక మాట. అమెరికావారి ఫుట్‌బాల్ మనమెరిగిన కాలిబంతి ఆట కాదు. రెండు కొనలు సన్నగిల్లిన బంతిని చేతపట్టి ఎదుటి జట్టును చీల్చుకొని పోవు ఆట అది. ప్రక్కకు 11 మంది. తలకు శిరస్త్రాణము, భుజములకు కవచము తొడిగి ఒకరినొకరు ఢీకొందురు. ఒక్కొక్క ఎత్తు కొన్ని సెకన్లలో ముగియును. కావున క్షణములో పుట్టు వేగమును, ఆ వేగము వెనుకనుండు బలమును ఈ ఆటకు ప్రాణము.

ఇంతగా బలముపై నిలిచిన ఆటలో, 1950 ప్రాంతమున, బరువులెత్తుట తగదని పెక్కుమంది శిక్షకులు నమ్మిరన్న వింతగా తోచును. బరువులెత్తినచో కండలు బిగిసిపోవునని, ఆటగాడు మందకొడి యగునని వారి భయము. గద త్రిప్పి, గుండు ఎత్తి, ఆపై గోదాలో మెరుపువలె కదలిన మన తాలింఖానా వస్తాదులు ఆ మాట విన్నచో నవ్వుకొనియుందురు.

ఆ నమ్మకమును మొదట కదల్చినవారిలో ఆల్విన్ రాయ్ ఒకరు. లూసియానా రాష్ట్రమందలి బేటన్ రూజ్ నగరములో వ్యాయామశాల నడుపుచుండిన ఆయన, 1955లో అచటి ఇస్ట్రూమా ఉన్నతపాఠశాల జట్టుచేత బరువులెత్తించెను. 1958లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయపు జట్టునకును ఆ సాధన అందినది. ఆ ఏడు ఆ జట్టు ఒక్క ఆటయు ఓడక జాతీయ విజేతగా నిలిచినది.

అయినను ఇది జీతమునకు చేయు కళాశాల ఉద్యోగముగా కుదురుకొన్నది నెబ్రాస్కా విశ్వవిద్యాలయములో. బాయిడ్ ఎప్లీ అను విద్యార్థి అక్కడ కఱ్ఱపట్టి ఎగిరి దూకు పోల్‌వాల్ట్ క్రీడాకారుడు. నడుము దెబ్బతిని పోటీలకు దూరమై బరువుల గదిలో సాధన చేసుకొనుచుండెను. గాయపడి ఆ గదికి వచ్చిన ఫుట్‌బాల్ ఆటగాండ్రు అతనిని చూచి అతనివలెనే చేయసాగిరి; తిరిగి మైదానమునకు వెళ్లునప్పటికి మునుపటికంటె దృఢముగానుండిరి. సహాయశిక్షకుడు టామ్ ఆస్బోర్న్ ఇది గమనించి కబురుపెట్టెను. 1969 ఆగస్టులో ప్రధాన శిక్షకుడు బాబ్ డివేనీ ఎప్లీని పనిలోనికి తీసికొనెను. జీతము గంటకు 2 డాలర్లు. షరతు ఒక్కటే: ఏ ఆటగాని పరుగైనను మందగించినచో ఉద్యోగము ఊడును. పాత భయము ఆ షరతులో ఇంకను ఉన్నది గదా! నెబ్రాస్కా 1970లోను, 1971లోను జాతీయ విజేత అయినది. ఇతర కళాశాలలవారు తమకును అట్టి మనిషి కావలెననిరి.

1978లో ఎప్లీ పూనికతో లింకన్ నగరమున బలశిక్షకుల జాతీయ సంఘము వెలసినది. తొలి సమావేశమునకు వచ్చినవారు 76 మంది. 1985లో ఆ సంఘము యోగ్యతాపరీక్షను నెలకొల్పినది. నేడు ఈ దారి పట్టువారు దేహధర్మ శాస్త్రమో వ్యాయామ శాస్త్రమో చదివి, స్వల్ప జీతమునకు సహాయకులుగా పనిచేసి, ఊరూరు తిరిగి పైకి రావలెను. తెల్లవారకమునుపే వ్యాయామశాల తలుపు తీయవలెను. ఎవడు ఎంత ఎత్తినాడు, 40 గజములు ఎన్ని సెకన్లలో పరుగెత్తినాడు, ఎంత ఎగిరినాడు అని లెక్క వ్రాయవలెను. బరువు కొద్దికొద్దిగా పెంచవలెను. పెంచినంత శ్రద్ధతో విశ్రాంతియు ఇవ్వవలెను. కొన్ని పెద్ద విశ్వవిద్యాలయములలో వీరి జీతము ఏటికి 5 లక్షల డాలర్లు దాటినది. కాని ప్రధాన శిక్షకుడు మారినచో అతనితోపాటు వీరును మూట కట్టుకొనుట పరిపాటి.

ఈ ఉద్యోగమునకు మరియొక ముఖమున్నది. ఆటల ఋతువు లేని మాసములలో ప్రధాన శిక్షకునికి ఆటగాండ్రతో గడుపు కాలము నియమములచేత పరిమితము. ఆ మాసములలో కుఱ్ఱవాండ్రు ముఖ్యముగా బలశిక్షకుని చేతిలోనే ఉందురు. 2017లో వెలువడిన ఒక పరిశీలన, 2000 నుండి కళాశాల ఫుట్‌బాల్‌లో సాధనలోనో ఆటలోనో మరణించిన 33 మందిని లెక్కించినది. వారిలో దెబ్బ తగిలి పోయినవారు 6గురే. తక్కిన 27 మందిని బలిగొన్నది ఎదుటివాని తాకిడి కాదు. వడదెబ్బ, గుండెజబ్బు వంటివి.

2006లో రైస్ విశ్వవిద్యాలయమున ఒక నూతన విద్యార్థి వరుస పరుగుల పిమ్మట కూలి మరణించెను. అతని రక్తమున సికిల్ సెల్ లక్షణము ఉండినది. 2010లో మొదటి శ్రేణి కళాశాలలలో ఆ పరీక్ష నియమమైనది. 2018 మేలో మేరీలాండ్ విశ్వవిద్యాలయమున 19 ఏండ్ల ఆటగాడొకడు 110 గజముల పరుగులు తీయుచు వడదెబ్బకు గురియై రెండు వారములకు కన్నుమూసెను. అట్టివానిని వెంటనే చన్నీటి తొట్టెలో ముంచవలెనని అందరెరిగినదే. ఆనాడు అది జరుగలేదు. అచటి బలశిక్షకుడు ఉద్యోగము వదలెను. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు బాధ్యత తమదేయని ఒప్పుకొనెను.

ఈ మరణముల తరువాత 2019లో వెలువడిన సూచనలు రెండు మాటలు స్పష్టపరచినవి: వ్యాయామమును శిక్షగా వాడరాదు, బలశిక్షకుడు వైద్యవిభాగమునకును జవాబుదారి కావలెను. గెలుపు కోరు యజమాని ఒకడే పైనున్నచో “ఇక చాలు” అను మాట నాలుకపైకి రాదు. అది వచ్చుటకే ఈ ఏర్పాటు.

తొలినాళ్లలో ఈ వృత్తి బరువు మనిషిని మందకొడి చేయదని లోకమునకు రుజువు చేయవలసివచ్చినది. ఆ పని ఎన్నడో ముగిసినది. ఇప్పుడు చేయవలసినది కష్టతరము. పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడు గురువు ఎదుట అలసితినని చెప్పడు, చెప్పుటకు సిగ్గుపడును. కనుక వాని ఊపిరిని, నడకను, ముఖమును చూచి గురువే గ్రహింపవలెను. ఇంకొక పరుగు తీయించు గొంతు ఎవరికైనను ఉండును. ఆపుమనుటకు చదువు కావలెను, చూపు కావలెను, ధైర్యము కావలెను. మన ఊళ్లలో పిల్లలను పరుగులకు, పోటీలకు పంపు తల్లిదండ్రులు గురువు ఎన్ని పతకములు తెప్పించెనని మాత్రమే గాక, ఎండ ముదిరిననాడు ఏమి చేయునని కూడ అడుగుట మంచిది.