ప్లగ్గు కుదిరిన చాలునా?

మన పెద్దల కాలమున ధాన్యమునకు కుంచము, తూము, పుట్టి అను కొలతలుండెడివి. పేరొక్కటే గాని సీమ మారినచో కొలత మారెడిది. బందరు పుట్టి వేరు, నెల్లూరు పుట్టి వేరు. 1956లో చట్టము చేసి, 1958 నుండి మెట్రిక్ తూనికలను క్రమముగా ప్రవేశపెట్టిన పిమ్మటగాని ఆ చిక్కు వీడలేదు. నేడు విద్యుత్తుతో నడచు కార్లు, స్కూటర్లు, ఆటోలు మన రోడ్లమీదికి వచ్చినవి. వానితో ఆ పాత చిక్కే క్రొత్త వేషమున వచ్చినది.

రేడియో ఏ కంపెనీదైనను మన యింటి గోడకున్న సాకెట్టులో ఇమిడిపోవును. వాహనముల సంగతి అట్లు కాదు. 2017లో ప్రభుత్వ సంఘమొకటి భారత్ ఏసీ-001, భారత్ డీసీ-001 అను రెండు పద్ధతులను నిర్ణయించినది. రెండవదానిలో చైనాలో వాడుకనున్న జీబీ-టీ ప్లగ్గును తీసికొనిరి; శక్తి 15 కిలోవాట్లు. ఆనాటి చిన్న కార్లకు అది చాలినది. తరువాతి కార్ల బ్యాటరీలు పెద్దవి, వోల్టేజి హెచ్చు. వానికి ఐరోపాలో 2014 నాటి ఆదేశముతో స్థిరపడిన సీసీఎస్-2 ప్లగ్గు వచ్చినది: పైన ఏడు పిన్నులు, క్రింద డీసీ కరెంటుకై రెండు లావుపాటి పిన్నులు. పాత పద్ధతి యంత్రము ఎదుట క్రొత్త కారును నిలిపిన ఫలములేదు.

కార్ల మాట ఇంచుమించు తేలినది. స్కూటర్ల మాట తేలలేదు. భారతీయ ప్రమాణముల సంస్థ 2023లో తేలికపాటి వాహనములకొక ప్రమాణమును ప్రకటించినది. ఏసీ, డీసీ రెండును ఒకే ప్లగ్గున ఎక్కును. ఏథర్ కంపెనీ ప్లగ్గు దానికి మూలము. హీరోవారి విడా స్కూటరు కూడ దానినే స్వీకరించినది. కాని కంపెనీలన్నియు ఆ దారికి రాలేదు. మన దివిసీమలో కార్లకంటె స్కూటర్లు, ఆటోలే గదా ఎక్కువ!

సరే, ప్లగ్గు కుదిరినదనుకొందము. గత వేసవిలో ఒక మిత్రుని కారులో గుడివాడనుండి పామర్రు, చల్లపల్లి మీదుగా నాగాయలంకకు బయలుదేరితిని. త్రోవలో ఒక ఛార్జింగు స్తంభమున్నది. ప్లగ్గు చక్కగా కూర్చున్నది. ప్రక్క బడ్డీకొట్టులో దీపము వెలుగుచున్నది, ఫంకా తిరుగుచున్నది. యంత్రము మాత్రము కరెంటు ఈయలేదు. కొట్టు యజమాని నవ్వి, "కరెంటు ఉందండీ, దానికి సిగ్నలే లేదు" అన్నాడు.

అతడు చెప్పినది అక్షరాల నిజము. ఈ యంత్రము కారు రాగానే సెల్‌ఫోను తరంగములమీద ఎక్కడనో యున్న కంప్యూటరును అడుగును: ఈతడెవరు, డబ్బు కట్టినాడా, ఇయ్యవచ్చునా అని. జవాబు రాకున్న తీగలో విద్యుత్తు నిండుగా నున్నను కదలదు. చివరకు ఆ ఊరి గృహస్థొకరు తమ యింటి 16 ఆంపియర్ల సాకెట్టు చూపి, కాఫీ ఇచ్చి, మమ్ము ఆదుకొనిరి. గంటకు ఇంచుమించు 3 యూనిట్లు. మూడు గంటలు అరుగుమీద కూర్చుండగా ఏబది అరువది కిలోమీటర్లకు సరిపడునంత ఎక్కినది.

ఇది మన పల్లెల దోషము కాదు. 2022లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున 657 ఛార్జింగు ప్లగ్గులను పరీక్షింపగా, పనిచేయుచున్నవి నూటికి 72.5 మాత్రమే. తరువాత 2023లో ఆ ప్రభుత్వము, తాను ధనసహాయము చేసిన యంత్రములు నూటికి 97 వంతుల కాలము పనిచేయవలెనని నియమము పెట్టినది. వినుటకు గొప్పగానే యున్నది. లెక్కవేసిన, ఏడాదికి 11 రోజులు మూతపడినను తప్పులేదన్నమాట. ఆ 11 రోజులును తుపాను రోజులే అయినచో, రోగిని బందరు ఆసుపత్రికి చేర్చవలసిన ఆటోవాని గతి యేమి? 1977 నవంబరు 19ని ఎరిగిన దివిసీమకు ఈ ప్రశ్న కొత్తది కాదు.

ఉప్పుగాలి సంగతి వేరుగా చెప్పవలెను. సముద్రపు తేమ తగిలి పిన్నులకు చిలుము పట్టును. చిలుము పట్టినచోట కరెంటుకు అడ్డు హెచ్చి వేడి పుట్టును, ప్లగ్గు కరగును. కనుక తీరమున యంత్రమును ఎత్తైన దిమ్మెమీద నిలిపి, పిన్నులకు మూత ఉంచి, తరచుగా తుడిచి చూచుకొనవలెను. 2018 నుండి ఛార్జింగు కేంద్రము పెట్టుటకు విద్యుత్ లైసెన్సు అక్కరలేదు. రైసుమిల్లు యజమానియైనను పెట్టవచ్చును. పెట్టువారిని మనము అడుగవలసినది స్తంభములెన్ని అని కాదు. చెడిపోయిన నాడు బాగుచేయు మనిషి ఏ ఊరినుండి, ఎన్ని గంటలలో వచ్చును అని.

ఇంటివద్ద ఛార్జి చేయువారు ఆ సాకెట్టుకు ప్రత్యేకముగా లావు తీగ లాగించి, ఎర్తు సరిగా నున్నదా అని ఎలక్ట్రీషియనుచేత చూపించుకొనవలెను. వరదనీరు చేరు ఇండ్లలో సాకెట్టు నడుమెత్తుకు పైన ఉండుట మేలు.

మా మిత్రుడు ఇప్పటికిని నాగాయలంకకు పోవుచునే యున్నాడు. బయలుదేరుటకు ముందు ఆ గృహస్థునకు ఫోను చేసి, ఇంటనున్నారా అని అడుగుచున్నాడు.