పెద్దల వద్దకు మనమే వెళ్దాం

సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక.



హిజ్రీ 8వ సంవత్సరం. 10,000 మంది అనుచరులతో దైవప్రవక్త (సఅసం) మక్కాలో ప్రవేశించారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) తన తండ్రి అబూ ఖుహాఫా గారిని చేయి పట్టి ఆయన సన్నిధికి తీసుకువచ్చారు. చూపు పోయిన, తల పూర్తిగా నెరసిన వృద్ధుడాయన. అప్పటికింకా ఇస్లాం స్వీకరించలేదు కూడా. ఆయనను చూసి ప్రవక్త (సఅసం), పెద్దాయనను ఇంట్లోనే ఉంచవలసింది, నేనే వచ్చేవాణ్ణి కదా అన్న భావంతో పలికారు. నగరమంతా ఎదురుచూస్తున్న రోజున ఒక వృద్ధుని గడపకు వెళ్లడానికి ఆయన సిద్ధపడ్డారు.

ఇక మన హఫీజ్‌పేట్ సంగతి. వెనుక వరుసలో కుర్చీపై కూర్చుని నమాజు చేసే ఒక పెద్దాయన మూడు శుక్రవారాలు కనిపించలేదు. ఊరెళ్లి ఉంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాలుగో వారం వెళ్లి చూస్తే, లిఫ్టు చెడిపోయి, మోకాళ్లు సహకరించక మూడో అంతస్తులోనే ఉండిపోయారు. కొడుకు అమెరికాలో ఉన్నాడు, రోజూ ఫోను చేస్తాడు. డబ్బుకు లోటు లేదు, మందులు గుమ్మం వద్దకే వస్తాయి. నేను లేవబోయినప్పుడల్లా, "ఇంకో చాయ్ తాగి వెళ్లండి మౌలానా సాబ్" అన్నారు. మూడుసార్లు అన్నారు.

మస్జిదె నబవీని ఊడ్చే ఒక స్త్రీ కనిపించకపోతే ప్రవక్త (సఅసం) ఆరా తీశారు. మరణించిందని తెలిసి, నాకెందుకు చెప్పలేదని అడిగి, ఆమె సమాధి వద్దకు వెళ్లి నమాజు చేశారు. ఇమామునైన నేను మూడు వారాలు ఆరా తీయలేదు.

పిల్లలను నిందించడానికి నేను మింబర్ ఎక్కలేదు. తల్లిదండ్రుల పట్ల వారి బాధ్యతను బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతులు నిర్ణయించాయి. మనం వెళ్లినంత మాత్రాన అది వారిపై నుంచి తొలగిపోదు. 2007 నాటి వయోవృద్ధుల చట్టం భరణం ఇప్పించగలదు గాని, పక్కన కూర్చుని కబుర్లు చెప్పలేదు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి కొడుకుల వద్దకు వచ్చిన మన నూర్‌బాషా తల్లుల గురించి ప్రత్యేకంగా ఆలోచించండి. వారికి ఉర్దూ రాదు, చుట్టుపక్కల వారికి తెలుగు రాదు. కొడుకూ కోడలూ మాదాపూర్ నుంచి తిరిగి వచ్చేసరికి రాత్రవుతుంది. సోదరీమణులారా, ఆ తల్లులకు తమ యాసలో పలకరించే మనిషి కావాలి.

కుటుంబం అనుమతితో, అసర్ నమాజు తర్వాత ఇద్దరిద్దరుగా వెళ్దాం. పురుషుల వద్దకు పురుషులు, స్త్రీల వద్దకు స్త్రీలు. వారం వారం ఆ ఇద్దరే, అదే రోజున. ధర్మబోధ చేయవద్దు, ఆ పని నాకు వదిలేయండి. ఒకే కథ నాలుగోసారి చెప్పినా వినండి. బ్యాంకు కాగితాలు ముట్టవద్దు. వాట్సాప్ స్టేటస్ కోసం ఫొటోలు తీయవద్దు. ఎవరైనా వేధింపులకు గురవుతున్నట్లు తెలిస్తే 14567కు ఫోను చేయండి. వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత సేవ అది, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతారు. పొరుగున ఒంటరిగా ఉన్న హిందూ, క్రైస్తవ పెద్దలనూ మరువకండి. జబ్బుపడిన యూద బాలుణ్ణి పరామర్శించడానికి ప్రవక్త (సఅసం) స్వయంగా వెళ్లారు.

నమాజు తర్వాత ముఅజ్జిన్ సాబ్ వద్ద పేర్లు రాయించండి. ఆ పెద్దాయన ఇంటికి మంగళవారం నేను వెళ్తున్నాను, నాకు తోడుగా ఒకరు కావాలి. శనివారానికి ఇంకా ఎవరూ లేరు.