కడుపునొప్పి సోమ, బుధ, శుక్రవారాల్లోనే ఎందుకు?

(అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం సందర్భంగా ఢిల్లీలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రుణాల గురించో రికవరీ గురించో అయితే కాగితం లేకుండా మాట్లాడగలను. ఇవాళ మాత్రం రాసుకుని తెచ్చుకున్నాను. ఇది మా ఇంటి విషయం.

విజయవాడ నుంచి బదిలీ మీద ఇక్కడికి వచ్చిన రెండో ఏట మా అబ్బాయికి డిస్లెక్సియా అని తేలింది. అప్పటికి వాడికి ఎనిమిదేళ్ళు. బ్లూ లైన్ మెట్రో స్టేషన్లన్నీ వరసగా చెప్పేవాడు, పుస్తకంలో నాలుగు లైన్లు చదవమంటే మాత్రం చెమటలు పట్టేవి. స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారు, ఓపిక గల మనిషి. వారానికి మూడు రోజులు వాణ్ణి రిసోర్స్ రూముకి పిలిపించి చదివించేవారు. హమ్మయ్య, ఏర్పాటు జరిగిపోయిందనుకుని నేనూ మావారూ ఎవరి ఆఫీసుల్లో వాళ్ళం పడ్డాం.

ఐదో తరగతికి వచ్చాక కడుపునొప్పి మొదలైంది. పొద్దున్నే మెలికలు తిరిగిపోయేవాడు. స్కానింగ్ చేయించాం, అంతా నార్మల్. స్కూల్లో అడిగితే, ‘ఇలాంటి పిల్లలకు ఇవి మామూలే మేడమ్’ అన్నారు. కౌన్సెలర్‌ని కలిస్తే, వాడి సంగతి రిసోర్స్ రూము వాళ్ళు చూసుకుంటారన్నారు. రిసోర్స్ రూములో అడిగితే చదువు మెరుగవుతోందన్నారు. ఎవరి రిజిస్టరు వాళ్ళకు సరిగ్గానే ఉంది, మధ్యలో పిల్లవాడే ఎవరి లెక్కలోనూ లేడు.

బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది! నెల రోజులు నొప్పి వచ్చిన తేదీలు రాసిపెట్టి, స్కూలు టైమ్‌టేబుల్ పక్కన పెట్టి చూశాను. సోమ, బుధ, శుక్ర. మూడూ రిసోర్స్ రూముకి వెళ్ళే రోజులే. అందులో రెండు రోజులు వాడికి గేమ్స్ పీరియడ్ పోతోంది. మిగతాది సెలవులకు వచ్చిన మా అత్తగారి వల్ల తెలిసింది. వాడు తరగతిలోంచి లేచి వెళ్తుంటే, తిరిగి వస్తుంటే వెనక బెంచీ పిల్లలు ‘స్పెషల్ ఆ గయా’ అని నవ్వుతారట. ఈ మాట కౌన్సెలర్‌కి హిందీలో చెప్పలేదు, నాకూ చెప్పలేదు. నానమ్మ పక్కలో పడుకుని తెలుగులో చెప్పుకున్నాడు.

పాత సమస్య పేరు కొత్త బాధను కప్పేయడం మా ఇంట్లోనే జరిగింది కాదు. మేధో వైకల్యం ఉన్నవాళ్ళ విషయంలో పరిశోధకులు 1982లోనే దీన్ని గుర్తించి ‘డయాగ్నోస్టిక్ ఓవర్‌షాడోయింగ్’ అని పేరు పెట్టారు. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడికి దిగులు కూడా ఉండొచ్చు. ఆటిజం ఉన్న అమ్మాయి చెవులు మూసుకుని కేకలు వేస్తే అది భయం కూడా కావచ్చు. అన్నింటినీ ఒకే ఫైల్లో పెట్టేస్తే అసలు విషయం అడుగున పడిపోతుంది.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, డిస్లెక్సియా, ఆటిజం వాటిలోనివే. సీబీఎస్ఈ స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేటరూ ఉండాలి, కౌన్సెలరూ ఉండాలి. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది, వైకల్యం ఉన్న విద్యార్థులతో ఎలా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలంది. మా స్కూల్లో ఇద్దరూ ఉన్నారు. ఇద్దరూ ఒక్కసారి కూడా మా వాడి గురించి కూర్చుని మాట్లాడుకోలేదు, అంతే.

అందుకే మేము లిఖితపూర్వకంగా అడిగింది ఒకటే: క్లాస్ టీచర్, స్పెషల్ ఎడ్యుకేటర్, కౌన్సెలర్ ముగ్గురూ మాతో ఒకేసారి కూర్చోవాలి. మూడు వారాలు పట్టింది, కూర్చున్నారు. గేమ్స్ పీరియడ్ వాడికి తిరిగి వచ్చింది. కౌన్సెలర్ వారానికి ఒకసారి వాడితో బొమ్మలు వేయిస్తూ మాట్లాడుతున్నారు. క్లాసులో వెక్కిరింపు గురించి, పేర్లు ఎత్తకుండా, పిల్లలందరితో మాట్లాడారు. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. పరీక్షల వారంలో ఇప్పటికీ వస్తుంది. కానీ ఇప్పుడు ‘అమ్మా, ఇది పరీక్ష నొప్పి’ అని వాడే చెబుతున్నాడు.

స్కూలు దాటి సాయం కావాలంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టర్‌కి చూపించాలంటే ఎయిమ్స్ ఉంది, దిల్షాద్ గార్డెన్‌లో ఇహ్‌బాస్ ఉంది. మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం 1984లో సికింద్రాబాద్‌లో మొదలైన జాతీయ సంస్థకు నోయిడాలో ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఇక మనందరికీ తప్పనిది బదిలీ. వైకల్యం ఉన్న బిడ్డను చూసుకునే ఉద్యోగిని మామూలు బదిలీల నుంచి, పాలనాపరమైన ఇబ్బంది లేకపోతే, మినహాయించవచ్చని కేంద్ర ప్రభుత్వం 2014లో ఉత్తర్వు ఇచ్చింది. దాని గురించి హెచ్‌ఆర్‌లో అడగండి. నలుగురికీ తెలుస్తుందని సిగ్గుపడి అడగనివాళ్ళను నేనెరుగుదును, ఒకప్పుడు నేనూ ఆ బాపతే. బదిలీ తప్పకపోతే టీసీ, మార్కుల కార్డుతో పాటు కౌన్సెలర్, స్పెషల్ ఎడ్యుకేటర్ రాసిన నోట్స్ కూడా అడిగి తీసుకోండి. మార్కుల కార్డులో కడుపునొప్పి ఉండదు.

వచ్చే మంగళవారం స్కూల్లో మళ్ళీ ఆ ముగ్గురితో మీటింగ్ ఉంది. మా చీఫ్ మేనేజర్ గారు ముందు వరసలోనే ఉన్నారు కాబట్టి, ఆ పూట సెలవు ఇక్కడి నుంచే అడిగేస్తున్నాను.